అమేజింగ్ గ్రేస్ రాసిన జాన్ న్యూటన్: పాట సరే, ఆయన పుస్తకాలు ఎవరైనా చదివారా?

కీర్తన_క్వయిర్ (సోమవారం, రాత్రి 9:40)

అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం మా యువజన కూటంలో 'అమేజింగ్ గ్రేస్' పాడుతున్నాం. పాటకు ముందు, రాసినాయన గురించి ఐదు నిమిషాలు చెప్పమని అయ్యగారు నాకు అప్పజెప్పారు. సండే స్కూల్లో విన్న కథే చెబుదామనుకున్నాను. జాన్ న్యూటన్ బానిసల ఓడకి కెప్టెన్, సముద్రంలో తుఫాను వచ్చింది, ఓడ మునిగిపోతుంటే దేవుణ్ణి వేడుకున్నాడు, బతికి ఒడ్డున పడ్డాడు, ఆ రోజే బానిస వ్యాపారం మానేశాడు, ఈ పాట రాశాడు. ఇంతే కదా నేను విన్నది.

తీరా కాగితం మీద తేదీలు వేసుకుంటే లెక్క కుదరడం లేదు. తుఫాను 1748లో. కెప్టెన్ అయింది 1750లో. పాట 1773లో. అంటే తుఫాను తరవాతే కెప్టెన్ అయ్యాడా? రెండు రోజులుగా ఇదే టెన్షన్. చర్చిలో నిలబడి అబద్ధం చెప్పలేను. ఆయన రాసిన పుస్తకాలు చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాతకాగితాలు (సోమవారం, రాత్రి 11:05)

కీర్తన గారూ, మీ లెక్కే కరెక్టు. కథే తప్పు.

తుఫాను రోజున ఆయన కెప్టెన్ కాదు, అది బానిసల ఓడ కూడా కాదు. గ్రేహౌండ్ అనే సరుకు ఓడ. ఆఫ్రికా తీరం నుంచి బంగారం, దంతం, రంగు చెక్క, తేనెమైనం వేసుకుని ఇంగ్లండుకి తిరిగి వస్తోంది. అప్పటికి న్యూటన్‌కి 22 ఏళ్లు. 1748 మార్చిలో అట్లాంటిక్ మధ్యలో ఓడ పక్క పగిలింది. నాలుగు వారాలు అల్లాడి ఏప్రిల్ 8న ఐర్లండ్ తీరం చేరారు.

ఆ తరవాత ఆయన బ్రౌన్‌లో అనే బానిసల ఓడలో మేట్‌గా, అంటే కెప్టెన్ కింది అధికారిగా వెళ్లాడు. 1750లో పెళ్లయింది. అదే ఏడు డ్యూక్ ఆఫ్ ఆర్గైల్ ఓడకి కెప్టెన్ అయ్యాడు, తరవాత ఆఫ్రికన్ అనే ఓడ మీద ఇంకో రెండు ప్రయాణాలు. 1754లో నాలుగోసారి బయలుదేరబోతుండగా ఉన్నట్టుండి మూర్ఛ లాంటిది వచ్చి పడిపోయాడు. డాక్టర్లు వద్దంటే సముద్రం మానేశాడు. మనస్సాక్షి ఒప్పుకోక కాదు, ఆరోగ్యం ఒప్పుకోక.

ఇదంతా శత్రువులు తవ్వి తీసింది కాదు, చాలావరకు ఆయనే రాసుకున్నాడు. 1764లో 'యాన్ ఆథెంటిక్ నేరేటివ్' అని 14 ఉత్తరాల రూపంలో జీవితకథ అచ్చువేశాడు. అదే ఏడాది లింకన్ బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొంది ఓల్నీ అనే ఊళ్లో పాదిరి అయ్యాడు. ఆ పుస్తకం ఆయన బతికుండగానే ఎన్నోసార్లు మళ్లీ మళ్లీ అచ్చయింది. అప్పటి జనానికి న్యూటన్ అంటే పాట కాదు, ఈ పుస్తకమే.

అందులో నాకు అన్నిటికంటే విలువైన మాట ఒకటుంది. తుఫాను గురించి అంత చెప్పి, ఆ తరవాత చాలా కాలం దాకా పూర్తి అర్థంలో నన్ను నేను విశ్వాసి అనుకోలేను అంటాడు. మన సాక్ష్యాల్లో 'ఫలానా రోజు మారిపోయాను' అంటాం. ఆయన అలా అనలేదు. ఆ తుఫాను రోజుని ఏటా మార్చి 21న తలుచుకునేవాడు. ఆయన డైరీలో చివరి రాత కూడా 1805 మార్చి 21దే. అంత తలుచుకునే మనిషి కూడా ఆ రోజుతో పని అయిపోయిందని చెప్పలేదు.

విశాఖ_సరంగు (మంగళవారం, ఉదయం 6:20)

నేను సరుకు ఓడల్లో 22 ఏళ్లు పనిచేశాను. మతం పుస్తకాలు పెద్దగా చదవను, కానీ ఆ తుఫాను భాగం ఒక స్నేహితుడు పంపితే నాలుగైదు సార్లు చదివాను. కల్పించి రాసేవాడు అలా రాయలేడు.

రాత్రి నిద్రలో ఉండగా గదిలోకి నీళ్లొచ్చాయి. పైకి ఎక్కబోతుంటే కెప్టెన్ కత్తి తీసుకురమ్మన్నాడు. ఇతను కత్తి కోసం వెనక్కి తిరిగాడు, ఇతని బదులు పైకెళ్లినవాణ్ణి అల కొట్టుకుపోయింది. అంతే తేడా. తెల్లవారుజామున మూడింటి నుంచి దాదాపు మధ్యాహ్నం దాకా నీళ్లు తోడే పంపు కొట్టాడు. అల తలమీద నుంచి పోతుంటే కొట్టుకుపోకుండా తాళ్లతో కట్టుకుని కొట్టారు. తరవాత చుక్కాని దగ్గర గంటలకొద్దీ నిలబడ్డాడు. సరుకులో చెక్క, మైనం ఉండబట్టి తేలింది అంటాడు. అది నిజం. రెండూ నీటికంటే తేలిక.

ఆ మధ్యలో అలవాటుగా నోట్లోంచి ఒక మాట వచ్చింది, దీనితో కాకపోతే ఇక దేవుడే కరుణించాలి అని. అని తనే ఉలిక్కిపడ్డాడు. నాలాంటి పాపికి ఏం కరుణ అని. సముద్రంలో అలాంటి రాత్రి ఒకటి నేనూ చూశాను. నోటికొచ్చిన మాటకి మనిషి అలా ఆగిపోవడం నాకు తెలుసు.

నేలతల్లి (మంగళవారం, ఉదయం 10:15)

సరంగు అన్నా, మీరు చెప్పింది బాగుంది. కాని ఓడ పైభాగం గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటాం. కింద ఉన్నవాళ్ల గురించి ఎవరు మాట్లాడతారు?

మా తాత జీవితాంతం పాలేరు. ఆయన్ని పనిలో పెట్టుకున్న దొరగారు రోజూ పూజ చేసేవారట. అందుకే ఈ న్యూటన్ కథ విన్నప్పుడల్లా నాకు ఒకటే గుర్తొస్తుంది. ఆయన తన ఓడ మీద ప్రతి ఆదివారం కళాసులకి ప్రార్థన జరిపేవాడు. ఆ చెక్కల కిందే గొలుసులతో మనుషులు. ఆయన ఓడ దినచర్య పుస్తకం 1962లో అచ్చయింది. అందులో చనిపోయిన బానిసలకి పేరుండదు, నంబరే ఉంటుంది. 1752లో తిరుగుబాటుకు కుట్ర పన్నారన్న అనుమానంతో కుర్రాళ్లకి బొటనవేళ్లు నొక్కే ఇనప బిగింపులు వేయించినట్టు తన చేత్తోనే రాసుకున్నాడు. అది తుఫాను తరవాత నాలుగేళ్లకి. ప్రార్థనలు చేసే రోజుల్లో.

'ఆథెంటిక్ నేరేటివ్' నేనూ చదివాను. అంతకు ముందు ఆయనే సియెర్రా లియోన్ దగ్గర ప్లాంటెయిన్ దీవుల్లో ఒక బానిస వ్యాపారి దగ్గర కూలివాడిలా చిక్కి ఆకలితో మాడాడు. జ్వరంలో పడి ఉంటే గొలుసుల్లో ఉన్న బానిసలు తమకిచ్చిన కొద్ది తిండిలోంచే ఎవరూ చూడకుండా తెచ్చిపెట్టారు. అదీ ఆయనే రాశాడు. వాళ్ల చేతి ముద్ద తిన్నవాడు నాలుగేళ్లు తిరగకముందే అలాంటివాళ్లని కొని అమ్మాడు. 1764 పుస్తకంలో ఆ వ్యాపారం అధర్మమన్న శంక అప్పట్లో తనకి లేనేలేదన్నట్టు రాశాడు. ఇది నాకు మింగుడుపడదు.

వాక్యదీపం (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

సిస్టర్, దేవుడు క్షమించి మరచిపోయిన పాపాలను మనం తవ్వడం మంచిది కాదు. ఆయన దైవజనుడు. ఆయన పాట వల్ల కోట్ల మంది ఆదరణ పొందారు. ఈ మాటలు చదివి కొత్త విశ్వాసులు తొట్రిల్లితే ఎవరు బాధ్యులు? ఇలాంటి చర్చ చర్చిని ద్వేషించేవాళ్లకే ఉపయోగం.

నేలతల్లి (మంగళవారం, మధ్యాహ్నం 1:52)

నేనూ ఆ చర్చిలోనే పెరిగాను బ్రదర్. ద్వేషించేదాన్నయితే ఆయన పుస్తకం కూర్చుని చదవను.

పాతకాగితాలు (మంగళవారం, సాయంత్రం 7:10)

ఇద్దరికీ ఒక్క మాట. న్యూటన్ ఉత్తరాల్లో వాదోపవాదాల గురించే ఒకటుంది. పత్రికల్లో 'ఒమిక్రాన్' అనే మారుపేరుతో రాసినవి 1774లో పుస్తకంగా వచ్చాయి, దాంట్లోది. ఒక పాదిరి ఎవరి మీదో ఖండన రాయబోతుంటే ఆయనకి రాసిన సలహా. కలం పట్టే ముందు ముగ్గుర్ని తలుచుకో అంటాడు: నీ ప్రత్యర్థిని, చదివే జనాన్ని, నిన్ను నువ్వు. ముందు అతని కోసం ప్రార్థన చెయ్యి, అప్పుడు నీ రాత మీద ఆ ప్రార్థన జాడ పడుతుంది అంటాడు. సత్యం నీ పక్కనే ఉన్నా, గెలిచేటప్పుడు నీ మనసు పాడైతే నువ్వు పోగొట్టుకున్నదే ఎక్కువని హెచ్చరిస్తాడు.

ఊరికే చెప్పిన నీతి కాదిది, ఆయన పాటించాడు. ఓల్నీ పక్క పల్లెల్లో థామస్ స్కాట్ అనే పాదిరి ఉండేవాడు. త్రిత్వం లాంటి మూల సిద్ధాంతాల మీదే అతనికి నమ్మకం లేదు. న్యూటన్‌ని వాదంలోకి లాగాలని 1775లో ఉత్తరాలు మొదలుపెట్టాడు. న్యూటన్ వాదించలేదు. స్నేహంగా, ఓపికగా జవాబులు రాస్తూ పోయాడు. అంతకు ముందే స్కాట్‌ని కదిలించిన సంగతి ఒకటుంది. తన చర్చి పరిధిలో చావుబతుకుల్లో ఉన్న ఇద్దరిని తను పట్టించుకోలేదు, న్యూటన్ నడిచి వచ్చి చూసి వెళ్లాడు. స్కాట్ తరవాత తన మార్పు కథ తనే 1779లో రాశాడు. ఆ ఉత్తరాలు 'కార్డిఫోనియా'లో ఉన్నాయి.

'కార్డిఫోనియా' అంటే హృదయం పలికిన మాట అని అర్థం. నా లెక్కలో ఆయన రాసిన వాటిలో ఉత్తమం ఇదే. ప్రసంగాలు ఆయనకి అంత బాగా రావు. ఉత్తరం రాస్తే మాత్రం ఎదుటి మనిషి కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు ఉంటుంది. ఒక లార్డు గారికి రాసినా, కష్టంలో ఉన్న సామాన్యురాలికి రాసినా గొంతు మారదు.

మాస్టారు_నరసాపురం (మంగళవారం, రాత్రి 9:25)

ఆలస్యంగా వస్తున్నాను. ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి పాట వైపు నుంచి కొంచెం చెబుతాను.

ఓల్నీ పేదల ఊరు. ఆడవాళ్లు ఇళ్లల్లో దిండు మీద కండెలతో లేసు అల్లి బతికేవాళ్లు. మా నరసాపురం వైపు లేసు చేతుల్ని చూసినవాడికి ఆ ఊరు ఊహించుకోవడం కష్టం కాదు. వాళ్లకి ప్రతి వారం కొత్త పాట కావాలి. ప్రసంగానికి తగ్గట్టు, చదువురాని వాళ్లు కూడా పట్టుకునేట్టు. 'అమేజింగ్ గ్రేస్' అలాంటి వారపు పాటే. 1773 జనవరి 1న, దినవృత్తాంతములు మొదటి గ్రంథం 17వ అధ్యాయం మీద ప్రసంగానికి. దావీదు దేవుని ముందు కూర్చుని నన్ను ఇంతదాకా తెచ్చావు, నేనెంతటివాణ్ణి అని అడిగే చోటు అది. పాటంతా ఆ ప్రశ్నకి జవాబు. ఇంతకాలం ఏం జరిగింది, ఇక ముందు ఏం జరుగుతుంది అని.

1779లో 'ఓల్నీ హిమ్స్' అచ్చయింది, 348 పాటలు. అందులో 60 పైచిలుకు ఆయన స్నేహితుడు, కవి విలియం కూపర్‌వి, మిగతావన్నీ న్యూటన్‌వి. ఇప్పుడు మనం పాడే రాగం అప్పుడు లేదు. ఆ రాగంతో కలిపింది అమెరికాలో, 1835లో. 'పదివేల ఏళ్లు' అని వచ్చే ఆఖరి చరణం న్యూటన్ రాయనేలేదు. కీర్తనా, అమ్మా, ఇది తప్పకుండా చెప్పు.

ఇంకో సంగతి, మనకి దగ్గరిది. స్కాట్ గురించి పైన చెప్పారు కదా. ఆ స్కాట్ ప్రసంగాలు విని తను ఎంతో పొందానని చెప్పినవాడు విలియం కేరీ, అప్పట్లో ఆ చుట్టుపక్కల చెప్పులు కుట్టుకునే కుర్రవాడు. ఆ కేరీయే బెంగాల్లో శ్రీరాంపూర్ చేరి 1814లో తెలుగు భాషకి వ్యాకరణం అచ్చువేశాడు. న్యూటన్ వాదించకుండా రాసిన ఆ ఉత్తరాల నుంచి మన వ్యాకరణం దాకా దారి ఉందని తెలిసినప్పుడు నేను చాలాసేపు కదల్లేదు.

లిల్లీ_నర్సు (బుధవారం, తెల్లవారుజామున 3:15)

నైట్ డ్యూటీ అయి వచ్చి చదువుతున్నాను. నేను ఇంగ్లండులో, ఓల్నీకి దగ్గర్లోనే ఉంటాను. కూపర్ ఉన్న ఇల్లు ఇప్పుడు కూపర్, న్యూటన్ ఇద్దరి పేరు మీదా మ్యూజియం.

మాస్టారు గారు కూపర్ పేరు తీశారు కాబట్టి చెప్పాలనిపించింది. మా ఆయనకి డిప్రెషన్. ఏడేళ్లుగా. 'ఇంకా ప్రార్థన చెయ్యి, విశ్వాసం పెంచుకో' అని చెప్పనివాళ్లు లేరు. ఆ మాటలు ఆయన్ని ఇంకా కిందికి నెట్టాయి.

న్యూటన్ ఆ పాట పాడించిన జనవరిలోనే కూపర్‌కి మళ్లీ మనసు చెదిరింది. దేవుడు నన్ను శాశ్వతంగా తోసేశాడు అనే భ్రమ. ఆత్మహత్యకి ప్రయత్నించాడు. న్యూటన్ ఆయన్ని తన ఇంట్లో ఏడాదికి పైగా ఉంచుకున్నాడు. అదీ అంతంతమాత్రం జీతంతో. కూపర్ తరవాత దాదాపు చర్చికే రాలేదు. స్నేహం మాత్రం పోలేదు. పాదిరి అయినవాడు, పాటలు రాసినవాడు, తన పక్కన మాటలు పనిచేయని మనిషి ఉంటే ఏం చేశాడు? భోజనం పెట్టాడు, తోడుగా నడిచాడు. వేరేవాళ్లకి రాసిన ఉత్తరాల్లో కూడా, శరీరం జబ్బుపడితే మనసుకి వచ్చే చీకటిని పాపం అని లెక్కవేసుకోకండి అనే ధోరణి కనిపిస్తుంది. నేను ఆ పేజీల్ని మా ఆయనకి తెలుగులో చెప్పి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు మళ్లీ చదవమన్నారు.

నేలతల్లి అక్కా, మీరన్నది ఏదీ తప్పు కాదు. నేను సమాధి కూడా చూశాను. రాతి మీద మాటలు తనే రాసుకున్నాడు, తను ఒకప్పుడు అవిశ్వాసినని, దుర్మార్గుడినని, ఆఫ్రికాలో బానిసలకి సేవకుడినని. మీ మాటలు చదివాక ఆలోచిస్తే, అక్కడ కూడా 'బానిసల్ని అమ్మినవాణ్ణి' అని లేదు.

నేలతల్లి (బుధవారం, ఉదయం 9:00)

లిల్లీ, ఇది రాసినందుకు థాంక్స్ అమ్మా. మీ ఆయన్ని అడిగానని చెప్పు.

సమాధి సంగతి నిజమే. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. సమాధి మీద లేని మాట 1788 పుస్తకంలో ఉంది.

పాతకాగితాలు (బుధవారం, ఉదయం 9:48)

అవును, అసలు మాట్లాడుకోవాల్సింది దాని గురించే.

'థాట్స్ అపాన్ ది ఆఫ్రికన్ స్లేవ్ ట్రేడ్'. చిన్న పుస్తకం. అప్పటికి ఆయనకి 62 ఏళ్లు, లండన్‌లో సెయింట్ మేరీ వుల్నోత్ చర్చి పాదిరి. అంతకు ముందు 1785లో విల్బర్‌ఫోర్స్ అనే కుర్ర ఎంపీ రాజకీయాలు వదిలేద్దామా అని సలహాకి వస్తే, వదలొద్దు, అక్కడే దేవుడికి పనికొస్తావు అని పంపాడు. ఇప్పుడు ఆ ఎంపీ పార్లమెంటులో బానిస వ్యాపారం మీద పోరాడుతున్నాడు. సాక్షి కావాలి.

మొదట్లోనే చెప్పేస్తాడు, ఇది ఆలస్యంగా వచ్చిన ఒప్పుకోలు అని. ఇప్పుడు తలుచుకుంటే గుండె వణికే పనిలో ఒకప్పుడు తను చురుగ్గా పాల్గొన్నానని, ఆ సిగ్గు తనకి ఎప్పటికీ ఉంటుందని. తరవాత లెక్కలు. వంద టన్నులు దాటిన ఓడలో 220 నుంచి 250 మంది. అరలో పుస్తకాలు పేర్చినట్టు మనుషుల్ని రెండు వరసలుగా పడుకోబెట్టడం. ఒక మేట్ తల్లి ఒళ్లోంచి ఏడాది బిడ్డని లాక్కుని, ఏడుపుకి నిద్రపట్టడం లేదని సముద్రంలోకి విసిరేసిన సంగతి. ఆ పేజీ నేను ఒక్కసారే చదివాను. ప్రీవీ కౌన్సిల్ (రాజుగారి సలహా మండలి) ముందు సాక్ష్యం కూడా చెప్పాడు.

ఇక్కడ 'సాక్ష్యం' అన్న మాట చూడండి. 1764లో చెప్పింది చర్చి సాక్ష్యం. 1788లో చెప్పింది కోర్టు సాక్ష్యం లాంటిది, తన మీద తనే. మొదటిదాంట్లో ఖాళీగా ఉన్న చోటుని రెండోదాంతో నింపాడు. మధ్యలో 24 ఏళ్లు పట్టింది. నేను ఆయన్ని ప్రేమించి చదివేవాణ్ణి. అయినా ఆ 24 ఏళ్లకి నా దగ్గర సమర్థన లేదు.

వాక్యదీపం (బుధవారం, మధ్యాహ్నం 2:20)

నిన్న తొందరపడి రాశాను. సిస్టర్, క్షమించండి. 1788 పుస్తకం గురించి నాకు తెలియదు. ఆయనే తన పాపాన్ని అచ్చువేసి పంచితే, దాన్ని దాచమని నేను చెప్పడం ఏమిటి.

ఒకటి అడుగుతాను. విశ్వాసి అయ్యాక కూడా అంత పెద్ద తప్పు కనబడకుండా ఎలా ఉంటుంది? ఆయన బైబిల్ చదవని మనిషి కాదు కదా. గ్రీకు, హీబ్రూ సొంతంగా నేర్చుకున్నాడంటారు.

పాతకాగితాలు (బుధవారం, మధ్యాహ్నం 3:05)

ఆయన ఉత్తరాల్లోనే కొంత జవాబుంది బ్రదర్. మార్కు సువార్త 4:28 మీద మూడు ఉత్తరాలు రాశాడు. మొదట మొలక, తరవాత వెన్ను, ఆ తరవాత వెన్నులో ముదురు గింజలు. విశ్వాసి ఎదుగుదలని అలా మూడు దశలుగా చెప్పాడు. మొలక దశలో ఉత్సాహం నిండుగా ఉంటుంది, తనని తాను తెలుసుకోవడం తక్కువ అంటాడు. అది చదివినప్పుడు ఓడ మీద ప్రార్థన జరిపిన ఆ కెప్టెన్ గుర్తొస్తాడు. కానీ ఆ వరికంకి పోలిక మొత్తానికి సరిపోదు. చుట్టూ అందరూ గౌరవమైన వృత్తి అనుకున్నది ఆయనకీ గౌరవంగానే కనిపించింది. తప్పు కనబడాలంటే పుస్తకం ఒక్కటీ చాలదేమో, దెబ్బ తిన్నవాడు పక్కన నిలబడి చెప్పాలేమో.

నేలతల్లి (బుధవారం, సాయంత్రం 5:40)

దెబ్బ తిన్నవాళ్లు చెప్పారండీ. ఒటోబా కుగొవానో 1787లో పుస్తకం రాశాడు, న్యూటన్ కంటే ఒక ఏడాది ముందు. ఒలౌడా ఎక్వియానో 1789లో తన జీవితకథ అచ్చువేశాడు. ఆయన బతికుండగానే తొమ్మిది ముద్రణలు. ఇద్దరూ బానిసలుగా అమ్ముడుపోయినవాళ్లు, ఇద్దరూ క్రైస్తవులే, ఇద్దరూ బైబిల్ చేత్తో పట్టుకునే వాదించారు. మన చర్చిల్లో వాళ్ల పేర్లు ఎప్పుడైనా విన్నామా? కీర్తనా, నీ ఐదు నిమిషాల్లో ఒక నిమిషం వాళ్లకివ్వు.

వాక్యదీపం బ్రదర్, మీరు క్షమాపణ చెప్పేదేం లేదు. చదవండి చాలు.

విశాఖ_సరంగు (గురువారం, ఉదయం 6:05)

కళాసుల సంగతి కూడా 1788 పుస్తకంలో ఉంది. ఆ ఓడల్లో వెళ్లిన నావికుల్లో దాదాపు ఐదోవంతు తిరిగి రారని లెక్క కట్టాడు. ఓడ యజమానులకి నొప్పి తెలిసే భాషలో మాట్లాడాడు. అలా రాయాలంటే ఆ పని చేసినవాడే కావాలి.

మాస్టారు_నరసాపురం (గురువారం, రాత్రి 8:30)

కీర్తనా, చదవడం మొదలుపెట్టేటప్పుడు 'ఆథెంటిక్ నేరేటివ్', దాని వెంటనే 1788 పుస్తకం చదువు. ఒకటి చదివి రెండోది వదలొద్దు. తరవాత తీరిగ్గా 'కార్డిఫోనియా', రోజుకో ఉత్తరం. ఓల్నీ పాటల పుస్తకం ఆఖరున.

బానిస వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807 మార్చి 25న వచ్చింది. ఆయన అదే ఏడాది డిసెంబరు 21న పోయాడు. అప్పటికి చూపు దాదాపు లేదు. చట్టం వచ్చేదాకా బతికే ఉన్నాడు.

కీర్తన_క్వయిర్ (ఆదివారం, రాత్రి 10:10)

ఈరోజు చెప్పాను. ఐదు నిమిషాలు కాస్తా పన్నెండు అయ్యాయి, అయ్యగారు ఆపలేదు. తుఫాను, కెప్టెన్, 24 ఏళ్లు, 1788, కుగొవానో, ఎక్వియానో అన్నీ చెప్పాను. చివరి చరణం న్యూటన్‌ది కాదని చెప్పి, ఇవాళ ఆయన రాసిన చరణాలే పాడాం.

కూటం అయ్యాక ముందు వరసలో కూర్చునే పెద్దమ్మ ఒకావిడ దగ్గరికి వచ్చారు. చదువుకోలేదు. 'ఆ ఓడ పుస్తకంలో నంబర్లేసినవాళ్ల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయా అమ్మా?' అని అడిగారు. లేవు పెద్దమ్మా అన్నాను. ఆవిడ కాసేపు నా చెయ్యి పట్టుకుని నిలబడి, వెళ్లి చెప్పులేసుకున్నారు.

లిల్లీ అక్కా, ఆ ఉత్తరాల్ని మీరు తెలుగులో చెప్పింది రాసి పెట్టారా? ఉంటే నాకు పంపండి. మా అన్నయ్యకి కావాలి.

లిల్లీ_నర్సు (సోమవారం, తెల్లవారుజామున 3:40)

రాసి పెట్టలేదురా. ఈ వారం సెలవు దొరికింది, మొదటి ఉత్తరం ఇవాళే మొదలుపెడతాను. మా ఆయన పక్కనే కూర్చుని తప్పులు చూస్తానన్నారు.